కౌజు పిట్టల వేట

కౌజు పిట్టల వేట: పొదలు, చిట్టడవులు ఉన్న మెట్ట నేలల్లో బూడిదరంగు కౌజులను దీమం పిట్టతో (ఎరగా వాడే మచ్చిక పిట్టతో), ఉచ్చులతో పట్టే పాత పద్ధతి. ఇప్పుడిది నిషిద్ధం. చిత్తూరు జిల్లా కార్వేటినగరం పరిసరాల్లోని నగరి కొండల పొదలు, చేల గట్లు ఈ పక్షికి అనువైన తావులు.

ఉత్తరార్ధగోళపు మంచు అడవుల్లో చలికాలంలో జనం వేటాడే గ్రౌస్‌ పక్షులూ కౌజూ ఒకే ఫాసియానిడే కుటుంబానికి చెందినవి. గ్రౌస్‌ కాళ్లకు ఈకలుంటాయి, చలికి అది మంచులో గుంత చేసుకుని దాగుతుంది. కౌజు కాళ్లు బోడివి, మగదానికి కాలిముల్లు ఉంటుంది. పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. రాత్రి ముళ్లచెట్లపై తలదాచుకున్నా, గుడ్లు నేలమీదే పెడుతుంది. 1789లో ప్రకృతి శాస్త్రవేత్త గ్మెలిన్ కౌజుకు పెట్టిన శాస్త్రీయ నామంలోని ‘పాండిచెరియానస్’ పుదుచ్చేరిని సూచిస్తుంది.

మగ కౌజు తన హద్దులోకి మరో మగదాన్ని రానివ్వదు. వేట కిటుకంతా ఈ స్వభావంలోనే ఉంది. పెంచిన దీమం పిట్టను పంజరంలో ఉంచి చుట్టూ ఉరులు పన్నేవారు. దాని కూతకు కయ్యానికి వచ్చిన అడవి కౌజు కాలు ఉరిలో పడేది. దక్షిణాదిన నక్కలవారు (నరికురవలు) ఈ విద్యలో ఆరితేరినవారు. దీమాన్ని మచ్చిక చేయడం వారికి తరతరాల నైపుణ్యం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా రద్దయింది.