పేటెంటు కుర్చీలో ఒక డాక్టరు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలను నాకంటే బాగా చెప్పగలవాళ్లు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. నేను ఇంజనీరుని. యంత్రాల డ్రాయింగులతోనూ వాటి వెంట నడిచే పేటెంటు కాగితాలతోనూ ముప్పై ఏళ్లుగా కాలం గడుపుతున్నవాణ్ణి. అందుకని ఆ కాగితాల వెనుక ఉన్న ఒక మనిషి చరిత్ర చెబుతాను.

మన ప్రాంతానికీ పేటెంటు ఆఫీసుకీ సంబంధమేమిటని అనిపించవచ్చు. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఇచ్చింది చెన్నైలోని రిజిస్ట్రీ. దానికి పై అధికారి పేటెంట్ల కంట్రోలర్ జనరలే. నాగర్‌కర్నూలు జిల్లా నల్లమలలో చెంచులకు తరతరాలుగా తెలిసిన ఆకునో బెరడునో ఇంకెవరో తమ కొత్త మందుగా దాఖలు చేస్తే, చెల్లదని చెప్పాల్సింది ఆ ఆఫీసే. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో వెలసిన పాలిటెక్నిక్‌లో ఒక కుర్రవాడు కొత్త పనిముట్టు తయారుచేస్తే, అది అతనిదేనని రాసిచ్చేదీ అక్కడే. కాబట్టి ఆ కుర్చీలో కూర్చున్నవారు ఏ నియమానికి కట్టుబడి ఉంటారన్నది మనకూ పట్టింపు ఉన్న సంగతే.

ఆ కుర్చీలో చాలాకాలం కూర్చున్న తొలితరం అధికారుల్లో ఒకరు డాక్టర్ విలియం థార్న్‌టన్. 1759లో వెస్టిండీస్‌లోని జోస్ట్ వాన్ డైక్ అనే చిన్న దీవిలో పుట్టాడు. చెరకుతోటల కుటుంబం. చిన్నప్పుడే ఇంగ్లండు పంపారు. మందులు నూరే వైద్యుడి దగ్గర శిష్యరికం చేసి, ఎడిన్‌బరోలో వైద్యం చదివి, 1784లో అబర్డీన్ నుంచి ఎం.డి. పట్టా పొందాడు. 1786లో అమెరికా చేరి, రెండేళ్లకు ఆ దేశ పౌరుడయ్యాడు.

వైద్యవృత్తిలో ఆయన నిలవలేదు కానీ శాస్త్రవేత్త బుద్ధి మాత్రం చివరిదాకా పోలేదు. 1799 డిసెంబరు 14న జార్జి వాషింగ్టన్ చనిపోయాడు. మరునాడు చేరుకున్న థార్న్‌టన్, చలికి బిగుసుకుపోయిన ఆ దేహాన్ని మెల్లగా వేడిచేసి, గొంతు దగ్గర దారి చేసి ఊపిరితిత్తుల్లోకి గాలి ఊది, గొర్రెపిల్ల రక్తం ఎక్కించి చూద్దామన్నాడు. అక్కడివారు ఒప్పుకోలేదు. ఇప్పుడు మనకు నవ్వొస్తుంది గానీ, శ్వాస, ఉష్ణం, రక్తం, ఈ మూడింటినీ నిలబెడితే ప్రాణం నిలబడుతుందన్న ఊహ పద్దెనిమిదో శతాబ్దపు మనిషికి చిన్నది కాదు.

ఆయన చేయి పెట్టని పని లేదు. జాన్ ఫిచ్ ఆవిరిపడవలో వాటాదారుగా చేరి, దాన్ని మెరుగుపరచడానికి శ్రమించాడు. ఆ పడవ 1790 వేసవిలో డెలావేర్ నది మీద ప్రయాణికులను చేరవేసింది. భాషాధ్వనుల మీద, బధిరులకు మాట నేర్పడం మీద రాసిన గ్రంథానికి బంగారు పతకం వచ్చింది. వాస్తుశిల్పం ఎక్కడా చదవకుండానే గీసిన నమూనా అమెరికా పార్లమెంటు భవనం పోటీలో గెలిచింది. 1793 సెప్టెంబరు 18న వాషింగ్టన్ ఆ భవనానికి పునాదిరాయి వేశాడు.

అక్కడి నుంచి రాజకీయం మొదలైంది. 1794లో కొత్త రాజధాని నిర్మాణాన్ని చూసే కమిషనర్లలో ఒకడుగా వాషింగ్టన్ ఆయన్ని నియమించాడు. ఎన్నికల్లో గెలిచిన నాయకుడు కాదు, నాయకుల నమ్మకం గెలిచినవాడు. తరువాతి కాలంలో దక్షిణ అమెరికా దేశాల స్వాతంత్ర్యం కోసం గట్టిగా వాదించాడు. ఉత్తర, దక్షిణ అమెరికాలను కలిపే రాజ్యాంగానికి ముసాయిదా కూడా రాశాడు. అయితే వారసత్వంగా వచ్చిన బానిసలను విడిపించాలని యౌవనంలో కలలుగన్న ఈ మనిషి, చివరిదాకా బానిసల యజమానిగానే ఉండిపోయాడు. ఈ సంగతి దాచి ఆయన చరిత్ర చెప్పడం న్యాయం కాదు.

1802లో కమిషన్ రద్దయింది. మిత్రుడు మాడిసన్ అప్పుడు విదేశాంగ మంత్రి. పేటెంట్ల పని చూసే గుమాస్తాగా ఏడాదికి 1,400 డాలర్ల జీతం మీద ఆయన్ని పెట్టుకున్నారు. సూపరింటెండెంట్ అన్న పేరు తరువాత వచ్చింది. 1828లో చనిపోయేదాకా, అంటే 26 ఏళ్లు, ఆయన ఆ కుర్చీ వదల్లేదు.

ఆ రోజుల చట్టం తీరు కూడా తెలుసుకోవాలి. 1790 చట్టంలో జెఫర్సన్‌తో సహా ముగ్గురు పెద్దలు ప్రతి దరఖాస్తునూ పరిశీలించేవారు. వాళ్లకు తీరిక చాలక, 1793లో పరిశీలనే తీసేశారు. కాగితాలు సరిగా ఉండి, రుసుము కడితే పేటెంటు ఇచ్చేయడమే. తగాదా వస్తే కోర్టుకు పోవాలి. అంటే చట్టం ప్రకారం థార్న్‌టన్ పని కాగితం నమోదు చేయడం వరకే. కానీ ఆయన పండితుడు, స్వయంగా ఆవిష్కర్త. ఊరుకోలేకపోయాడు. కొత్తదనం లేని దరఖాస్తులను కాదనేవాడు, సలహాలిచ్చేవాడు, తన పేరున కూడా పేటెంట్లు తీసుకునేవాడు.

ఆయన మేలు ముందు చెప్పుకుందాం. 1814 ఆగస్టులో బ్రిటిష్ సేన వాషింగ్టన్ నగరాన్ని తగులబెట్టింది. థార్న్‌టన్ గీసిన పార్లమెంటు భవనం కాలిపోయింది. మరునాడు సైనికులు పేటెంటు నమూనాలున్న బ్లాజెట్స్ హోటల్ మీదికి వచ్చారు. ఆయన ఎదురెళ్లి, ఇవి ప్రభుత్వ ఆస్తి కాదు, జనం చేసిన నమూనాలు, వీటిని కాల్చడమంటే అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని తగులబెట్టినట్టే అని వాదించాడని చెబుతారు. ఆ భవనం మిగిలింది. తరువాత కాంగ్రెస్ సమావేశాలు అందులోనే జరిగాయి.

ఇప్పుడు రెండో వైపు. 1811లో జాన్ హాల్ అనే మెయిన్ ప్రాంతపు పనివాడు, గొట్టం ముందు నుంచి కాక వెనుక నుంచి మందుగుండు నింపే తుపాకీకి పేటెంటు అడిగాడు. ఆ ఆలోచన నాకు ఎప్పుడో వచ్చిందని థార్న్‌టన్ అన్నాడు. హాల్ పైఅధికారి మన్రో దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాడు. సగం హక్కు పోయినా సరే, డాక్టరుగారితో కలిసి ఉండటమే నీకు లాభమని ఆయన సలహా ఇచ్చాడట. ఇది హాల్ తరువాత రాసుకున్న మాట. చివరికి పేటెంటు ఇద్దరి పేర్లతో వెలువడింది. ఆ హాలే తరువాత హార్పర్స్ ఫెర్రీ ఆయుధ కర్మాగారంలో ఒక తుపాకీ భాగం మరో తుపాకీకి అతికేలా తయారుచేసి చూపించాడు. నేడు మన బైకు నట్టు పోతే ఏ దుకాణంలోనైనా మరొకటి దొరకడం వెనుక ఉన్న తొలి ప్రయత్నాల్లో అదొకటి.

రాబర్ట్ ఫుల్టన్‌తోనూ ఇదే పేచీ. ఆవిరిపడవ కీర్తి ఫిచ్‌దే గాని ఫుల్టన్‌ది కాదని 1814లో థార్న్‌టన్ ఒక చిన్న పుస్తకమే అచ్చువేశాడు. అందులో న్యాయం ఉంది. కానీ ఫిచ్ పడవలో వాటా ఉన్న మనిషే ఫుల్టన్ దరఖాస్తు అందుకునే బల్ల దగ్గర కూర్చున్నాడు. నిజం చెప్పినా నమ్మడం కష్టమయ్యే స్థానం అది.

ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, 1836లో, అమెరికా కొత్త చట్టం చేసింది. ప్రతి దరఖాస్తునూ పరిశీలించే పద్ధతి మళ్లీ వచ్చింది. దానితో పాటు మరో నియమం చేర్చారు. పేటెంటు ఆఫీసులో పనిచేసే ఎవరూ, వారసత్వంగా వస్తే తప్ప, ఏ పేటెంటులోనూ హక్కు సంపాదించరాదు. మన 1970 పేటెంట్ల చట్టం తెరిచి సెక్షన్ 75 చూడండి. అదే నియమం దాదాపు అదే రూపంలో కనిపిస్తుంది. చదివినప్పుడు ఒక్క వాక్యపు ఎండు మాటలే. నాకు మాత్రం అక్కడ జాన్ హాల్ కనిపిస్తాడు.

ఆ ఒక్క వాక్యం విలువ మన హైదరాబాదులో తెలిసింది. 2012 మార్చి 9న అప్పటి కంట్రోలర్ జనరల్ పి.హెచ్. కురియన్, బేయర్ సంస్థ క్యాన్సర్ మందు నెక్సవార్‌ను తయారుచేసేందుకు హైదరాబాదు నాట్కో సంస్థకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చారు. మన దేశంలో అటువంటిది అదే మొదటిది. నెలకు సుమారు 2,80,000 రూపాయల మందు 9,000 లోపుకు వచ్చింది. బేయర్‌కు అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ నిర్ణయించారు. ఆ ఉత్తర్వు మీద వాదోపవాదాలు చాలా జరిగాయి. కానీ సంతకం పెట్టిన అధికారికి ఇటు గాని అటు గాని వాటా ఉండే వీలును చట్టమే ముందుగా మూసేసింది. అది లేకపోతే ఆ ఉత్తర్వును ఎవరు నమ్మేవారు?

అయితే ఈ నియమం పేటెంటు ఆఫీసు గడప దాటి రాదు. కంపెనీల్లో, కాలేజీల్లో నేను కళ్లారా చూసిన సంగతి ఒకటుంది. కుర్రవాడు రాత్రింబగళ్లు కష్టపడి ఒక పరికరం తయారుచేస్తాడు. దరఖాస్తు వెళ్లేటప్పటికి దానిమీద పైవాళ్ల పేర్లు రెండో మూడో చేరి ఉంటాయి. కుర్రవాడికి మన్రో చెప్పిన సలహాయే దొరుకుతుంది: "పెద్దాయన పేరుంటే నీకే మంచిదిలే". మన చట్టం అడిగేది మాత్రం నిజమైన తొలి ఆవిష్కర్త ఎవరని.

అందుకే మన ఉపాధ్యాయులకు ఒక విన్నపం. సైన్స్ ఫెయిర్‌కు పిల్లలు ఏదైనా చేసినప్పుడు, ఎవరికి ఏ ఆలోచన ఏ తేదీన వచ్చిందో ఒక నోటుపుస్తకంలో బొమ్మలతో సహా రాయించండి. కింద మీరు సాక్షిగా మాత్రమే సంతకం చేయండి. నిజంగా కొత్తదైతే నలుగురికీ చూపించకముందే దరఖాస్తు వేయించండి. 2021 నుంచి విద్యాసంస్థలకు పేటెంటు రుసుములో 80 శాతం తగ్గింపు ఉంది. ఆ కాగితాలు నింపడానికి మన సంఘంలో నాలాంటి ఇంజనీర్లు చాలామందిమి ఉన్నాం. కబురు పెడితే చాలు, వస్తాం. ఆవిష్కర్త అన్న గడిలో ఆ పిల్లవాడి పేరో ఆ అమ్మాయి పేరో రాసి, మా పేర్లు రాయకుండానే తిరిగి వెళతాం.