ఉక్కు బేరం: జంషెడ్‌పూర్ అమ్మకాల చరిత్ర

జంషెడ్‌పూర్ ఉక్కుకు తొలి బేరం కొలిమి రాజేయక ముందే కుదిరింది. టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ (నేటి టాటా స్టీల్) 1907 ఆగస్టులో నమోదైంది. ఏటా 20,000 టన్నుల రైలు పట్టాలను పదేళ్ల పాటు కొంటామని భారత ప్రభుత్వం కంపెనీ పుట్టే దశలోనే ఒప్పుకుంది. పట్టాలు రైల్వే ప్రమాణాలకు తగినట్టు ఉండాలి. విదేశీ పట్టా ఇక్కడికి దిగుమతయ్యేసరికి ఎంత పడుతుందో అదే ధర. టన్నుకు ఇన్ని రూపాయలని తేల్చకుండా, ధర కట్టే పద్ధతిని తేల్చుకోవడమే ఆ ఒప్పందంలోని మెలకువ. ధరను మార్కెట్ సూచీకి ముడిపెట్టే నేటి దీర్ఘకాలిక ఒప్పందాలదీ అదే దారి.

1911 డిసెంబరులో దుక్క ఇనుము, 1912 ఫిబ్రవరిలో ఉక్కు తయారయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసపొటేమియా దాకా వెళ్లాయి. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ కర్మాగారం వెలసిన సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. యుద్ధం ముగిశాక ఐరోపా నుంచి చవక ఉక్కు వచ్చి పడింది. కంపెనీ రక్షణ కోరింది. టారిఫ్ బోర్డు విచారణ తరువాత 1924లో ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం వచ్చి దిగుమతి సుంకాలు పెరిగాయి. అంటే ధర తేలింది అంగడిలో కాదు, శాసనసభలో.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఉక్కు ధర, పంపిణీల మీద మొదలైన ప్రభుత్వ నియంత్రణ స్వాతంత్ర్యం తరువాతా కొనసాగింది. 1956 నుంచి రవాణా ఖర్చుల సమానీకరణ అమలై, కర్మాగారం పక్కనున్న వర్తకుడికీ, లూధియానా వర్తకుడికీ ఒకే ధర పడింది. 1964లో జాయింట్ ప్లాంట్ కమిటీ ఏర్పడింది. తరువాతి కాలంలో ప్రధాన ఉక్కు కర్మాగారాల ధరలు అక్కడే నిర్ణయమయ్యేవి. ఆ రోజుల్లో జరిగింది అమ్మకం కాదు, పంపకం. కొనేవాడు ఇండెంట్ పెట్టుకుని తన వంతు కోసం ఎదురుచూసేవాడు. ధర మీద బేరానికి తావులేదు కనుక బేరమంతా కోటా మీద, సరుకు అందే తేదీ మీద, సిఫార్సు మీద సాగేది.

1992 జనవరిలో ధర, పంపిణీల మీద నియంత్రణ తొలగింది; రవాణా సమానీకరణకూ స్వస్తి పలికారు. ఎనభై ఏళ్ల వయసున్న కర్మాగారం కొనుగోలుదారుతో ముఖాముఖి బేరం అప్పుడు నేర్చుకోవలసి వచ్చింది. 2000లో జంషెడ్‌పూర్‌లో కోల్డ్ రోలింగ్ మిల్లు మొదలై, కార్ల కంపెనీలకు కావలసిన పలుచటి రేకు తయారైంది. ఇలాంటి కొనుగోలుదారు ధర ఒక్కటే అడగడు. రేకు మందం, నాణ్యత, సరుకు చేరే వేళ, చెల్లింపు గడువు అన్నీ బేరంలో భాగమే. ఒకచోట తగ్గి మరోచోట రాబట్టుకునే వీలు ఇద్దరికీ ఉంటుంది. 2001లో టాటా స్టీల్, ప్రభుత్వ రంగ ఉక్కు సంస్థ సెయిల్ కలిసి నెలకొల్పిన మెటల్‌జంక్షన్‌తో ఉక్కు ఆన్‌లైన్ వేలానికి ఎక్కింది.

అమ్మకాల బేరం ఇలా మారుతూ వచ్చినా, బేరంపై పరిశోధన మొదట కార్మిక ఒప్పందాల నుంచి ఎక్కువగా నేర్చుకుంది. ఉన్నదాన్ని పంచుకునే బేరం వేరు, ఇద్దరికీ లాభం పెంచే బేరం వేరని విడదీసి చూపిన వాల్టన్, మెకర్సీల పుస్తకం (1965) కార్మిక చర్చల గురించి రాసినదే. ఈ ఊరికి ఆ విద్య కొత్త కాదు. 1920లో ఇక్కడ పుట్టిన కార్మిక సంఘానికి తరువాత సుభాష్ చంద్రబోస్ అధ్యక్షత వహించారు. 1949లో జెసూట్ ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ స్థాపించిన ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ కార్మిక సంబంధాల బోధనకు పేరుపొందింది.

అమ్మకపు బేరంపై ఇక జరగవలసిన పరిశోధనకు ఈ చరిత్ర మూడు దారులు చూపుతుంది. ఒకటి, కాలం: విద్యార్థులను ఒక్క పూట కూర్చోబెట్టి చేసే ప్రయోగాలు, పదేళ్లు నిలిచే ఒప్పందాన్ని వివరించలేవు. రెండు, లోపలి బేరం: కొనుగోలుదారుకు రాయితీ ఇవ్వాలంటే అమ్మకాల ఉద్యోగి ముందు సొంత కంపెనీలో ఉత్పత్తి విభాగాన్నీ, ఖాతాల విభాగాన్నీ ఒప్పించాలి. మూడు, యంత్రం: పశువుల సంతలో దళారి తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చెప్పే ధర పక్కవాడికి తెలియదు, కాని చేయి కలిపిన మనిషి తెలుస్తాడు; ఆన్‌లైన్ వేలంలో అంకె అందరికీ కనబడుతుంది, మనిషి కనబడడు. ఆ మార్పు నమ్మకాన్నీ, మళ్లీ మళ్లీ కొనే అలవాటునూ ఏం చేస్తుందో తేల్చాలి. కృత్రిమ మేధ బేరసారాల్లోకి వచ్చేకొద్దీ ఈ ప్రశ్న మరింత ముఖ్యమవుతుంది.

ధర ఎంతకు తెగిందన్న దానికంటే, ఆ ధరను నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే జంషెడ్‌పూర్ అమ్మకాల చరిత్రలో అసలు విషయం. పరిశోధన మొదలవ్వాల్సిందీ అక్కడి నుంచే.