మన పిల్లల సద్దిమూట

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసమొకటి కావలెనని సంఘం వారు అడిగినప్పుడు, మేము కాకతీయులను గూర్చియో శాతవాహనులను గూర్చియో వ్రాస్తామని వారు ఎదురుచూచి ఉందురు. ఆ చరిత్రలు వ్రాసిన పెద్దలు చాలామంది ఉన్నారు. మేము వ్రాయబోవునది మన ఇళ్ళలో సెలవునాడు తెల్లవారుజామున జరిగే ఒక చిన్న పనిని గూర్చి. పిల్లలను బయటికి తీసుకొనిపోయేటప్పుడు వారికి అన్నం మూట కట్టడమే ఆ పని.

గత వేసవిలో మన పేటలోని కొన్ని కుటుంబాలు కలిసి పిల్లలను ఊరి వెలుపల ఉన్న ఒక థీమ్ పార్కుకు తీసుకొనిపోయాము. ముందురోజు రాత్రినుంచే ఆడవారికి నిద్ర లేదు. ఒకరు పులిహోర, ఒకరు సర్వపిండి, ఒకరు మలీద ముద్దలు, ఇలా పంచుకొని చేశారు. గేటు దగ్గర సంచులు విప్పించారు. బయటి తిండి లోపలికి రాకూడదన్నారు. డబ్బాలన్నీ ఒక బల్లమీద ఎండలో వరుసగా పెట్టి లోపలికి పోయాము. లోపల ఒక్కొక్క పళ్ళెం వెల విని, ఇద్దరు పిల్లలకు ఒక పళ్ళెం చొప్పున కొన్నాము. సాయంకాలం తిరిగివచ్చి మూతలు తీస్తే దద్ధ్యోజనం పులిసిపోయినది. అప్పుడు ఆరేళ్ళ పిల్ల ఒకతె తన నాయనమ్మను అడిగిన మాట మాకు నేటికీ చెవిలోనే ఉన్నది: “అవ్వా, మన అన్నం ఏం తప్పు చేసింది?”

అవ్వ జవాబు చెప్పలేదు. మేమూ చెప్పలేకపోయాము. ఆ ప్రశ్న వల్లనే ఈ వ్యాసం పుట్టినది.

తెలంగాణంలో సద్ది అంటారు, కోస్తాలో చద్ది, పోతనగారి పుస్తకంలో చల్ది. రాత్రి అన్నం పొద్దున తినడమూ సద్దియే, పొలానికో, ఊరికో కట్టుకొనిపోయే మూటయూ సద్దియే. బతుకమ్మ పండుగ చివరినాటికి సద్దుల బతుకమ్మ అని పేరు పెట్టినవారు ఈ మూటనే తలచుకొన్నారు. ఆనాడు చింతపండు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సత్తు, పల్లీల సత్తు చేసుకొని ఆడవారూ పిల్లలూ చెరువుగట్టుకు పోతారు. బతుకమ్మను నీటిలో విడిచి, ఆ గట్టుమీదనే సద్దులు పంచుకొని తింటారు. టికెట్టు లేదు, గేటు లేదు గాని, పిల్లల దృష్టిలో అంతకంటె గొప్ప విహారం ఏమున్నది?

భాగవత దశమస్కంధంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి అడవిలో చల్దులు ఆరగించిన ఘట్టం మనవారికి ఎంత ఇష్టమో చెప్పనక్కరలేదు. మన ఇరుగుపొరుగు మహారాష్ట్రులు కృష్ణాష్టమి మరునాడు చేసే గోపాలకాలా కూడ ఆ కథే. పిల్లలందరి మూటలూ విప్పి, అటుకులు, పెరుగు కలిపి, ఒకే ముద్దగా తినడం. మూటకు వారు పెట్టిన పేరు శిదోరీ. కన్నడిగులు బుత్తి అంటారు, తమిళులు కట్టుచోరు అంటారు. బెంగుళూరులోను, మద్రాసులోను స్థిరపడిన మన బంధువుల ఇళ్ళలో ఆ మాటలే వినబడుతున్నవి. ఏ భాషలోనైనా తల్లి కట్టిన మూటకు ఒక ప్రత్యేకమైన మాట ఉండడం గమనింపదగినది.

ఇక బొంబాయికి వద్దాము. ఊరి పేరు 1995లో ముంబై అయినప్పటికీ మన పెద్దల నోట బొంబాయియే నిలిచినది గనుక మేమూ అట్లే వ్రాస్తున్నాము. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట పూర్తి అయి, సముద్రపు నీరు ఎక్కే పల్లపు నేలలు ఆరినవి. అటుపిమ్మట నైజాం రాజ్యం నుంచి వచ్చిన కూలీలు అక్కడ గుడిసెలు వేసుకొన్నారు. వారే కామాఠీలు. ఆ పేటయే కామాఠీపురా. ఈ నగరపు గోడలు, రోడ్లు కట్టిన చేతులలో మన తెలుగు చేతులున్నవన్నమాట మన పిల్లలకు బడిలో ఎవరూ చెప్పరు, ఇంట్లోనైనా చెప్పవలెను. ఆ కాలంలో తల్లి కూలికి పోతే బిడ్డ కూడా పోయేది. సద్దిమూట ఇద్దరికీ ఒకటే. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఎర్రకారం.

1871లో రైలుదారి బొంబాయి నుంచి రాయచూరు దాకా వచ్చినది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నైజాం రైలు కలిసినది. అప్పటినుంచి మనవారి రాక ఎక్కువైనది. ముఖ్యంగా పద్మశాలీలు మగ్గం గుంట విడిచి, షోలాపురంలోను, బొంబాయిలోను మిల్లులకు చేరారు. రైలు మూట పొలం మూట వంటిది కాదు, ఒకటి రెండు దినాలు నిలువవలెను. అందుకని తడి తగ్గినది, నూనె పెరిగినది. షోలాపురపు కడక్ భాకరీ ఇందుకు సాటిలేనిది. పలుచగా తట్టి, కరకరలాడేదాక కాల్చిన జొన్నరొట్టె దినాల తరబడి చెడదు. దానికి తోడు వారి షేంగా చట్నీ, అంటే మన పల్లీల పొడియే, మన మూటలలోకి వచ్చి మళ్ళీ పోలేదు. ఏది మనది, ఏది వారిది అని ఇప్పుడు విడదీయబోతే వంటింట్లో నవ్వుతారు.

ఇక్కడ చదువరులు ఒక్క క్షణం ఆగవలెను. ఈ నగరంలో పిల్లల చేతికి విడిగా డబ్బా ఇచ్చి పంపిన కాలం ఎప్పుడు మొదలైనది? బడికని, తోటకని అనుకొంటాము. బీదవారి విషయంలో అది నిజం కాదు. బొంబాయిలో మొదటి బట్టల మిల్లు 1854లో ఏర్పడినది. మిల్లులలో పిల్లలు పనిచేసేవారు. 1881లో మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చినప్పుడు అందులో వ్రాసినది చూడండి: ఏడేండ్లు నిండని పిల్లలను పెట్టుకొనరాదు, ఏడు మొదలు పన్నెండేండ్ల లోపువారిచేత దినానికి 9 గంటలకంటె ఎక్కువ పని చేయించరాదు, నెలకు 4 సెలవులు ఇవ్వవలెను. పిల్లలకు మేలు చేసే చట్టం ఇది! దీనికి ముందు ఎట్లుండెనో ఊహించుకొనవచ్చును. 1891లో ఆ వయస్సును తొమ్మిదికి పెంచి, తొమ్మిది మొదలు పధ్నాలుగు లోపువారికి 7 గంటలు చేశారు. 1922లో పన్నెండేండ్ల లోపువారు మిల్లు గడప తొక్కరాదన్నారు. 1948 చట్టంలో అది పధ్నాలుగు అయినది. అనగా మన తాతముత్తాతల కాలంలో ఏడేండ్ల పిల్లవాడి చేతిలో రొట్టె మూట కనబడితే, వాడు ఏనుగును చూడబోతున్నాడని కాదు, దూదిపొగలో నిలబడబోతున్నాడని అర్థం. గేటు దగ్గర సంచి విప్పించే కావలివాడు అక్కడా ఉండవచ్చును గాని, రొట్టెను మాత్రం లోపలికి పోనిచ్చేవారు. పని జరగవలెను గదా.

పిల్లల మూట మిల్లు దారి విడిచి తోట దారి పట్టడానికి ఆదివారం కావలసివచ్చినది. ఈ ఆదివారం మనకు ఊరికే రాలేదు. నారాయణ మేఘాజీ లోఖండే అనే మహానుభావుడు 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘం స్థాపించి, వారానికొక దినం సెలవు కావలెనని ఏండ్ల తరబడి పోరాడినాడు. 1890 జూన్‌లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకొన్నారు. మరుసటి ఏటి చట్టంలో వారాంతపు సెలవు చేరినది. చిత్రమేమంటే, మహాదేవ్ హవాజీ బచ్చే డబ్బావాలాల పని మొదలుపెట్టినదీ ఆ 1890లోనే. ఆఫీసు ఉద్యోగుల వేడి అన్నం ఇంటినుంచి వారి బల్లమీదికి పోవడమూ, కూలివాడి పిల్లలకు ఆటవిడుపు దొరకడమూ, ఒకే ఏటి సంగతులు.

ఆదివారం దొరికిన తరువాత ఎక్కడికి పోవలెను? కామాఠీపురా నుంచి నడిచిపోయే దూరంలోనే బైకల్లాలో రాణీబాగ్ ఉన్నది. 1862లో తెరచిన ఈ తోటకు అప్పటి పేరు విక్టోరియా గార్డెన్సు, నేటి పేరు వీరమాత జిజాబాయి భోసలే ఉద్యానం. జంతువులూ అక్కడే. ఘారాపురి దీవినుంచి తెచ్చిన రాతి ఏనుగు అక్కడ నిలబడి ఉన్నది. బ్రతికిన ఏనుగుకంటె దాని దగ్గర నిలబడి సద్ది తిన్న జ్ఞాపకమే మాకు ఎక్కువ. 2016లో దక్షిణ కొరియా నుంచి పెంగ్విన్ పక్షులను తెచ్చిన తరువాత పిల్లలు రాతి ఏనుగువైపు చూడడం మానివేశారు, అది వేరే సంగతి. 1952లో మలబారు కొండమీద కమలా నెహ్రూ పార్కు, అందులో ముసలమ్మ బూటు వచ్చిన తరువాత ఒక ఆదివారం ఇటు, ఒక ఆదివారం అటు.

ఆ ఆదివారాలలో మన తల్లులు నేర్చిన విద్య ఏ కాలేజీలోనూ చెప్పరు. పులిహోర సాయంకాలం దాకా నిలిచేది చింతపండు పులుపు వల్ల, అన్నం గింజకు పట్టిన నూనె వల్ల. అయితే అన్నం పళ్ళెంలో పరచి పూర్తిగా చల్లార్చిన తరువాతనే డబ్బాలో పెట్టవలెను. వేడిమీద మూత పెడితే ఆవిరి నీరై అడుగున చేరి, మధ్యాహ్నానికే వాసన వస్తుంది. పచ్చికొబ్బరి చట్నీ, ఉర్లగడ్డ కూర ఎండలో నమ్మదగినవి కావు. పెరుగన్నానికి ఒక ఉపాయం ఉన్నది. మెత్తని అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచాడు పెరుగు మాత్రం కలిపి కడితే, బండి దిగి తోట చేరేసరికి అది తోడుకొని తీయగా ఉంటుంది. గత వేసవిలో మావారు ఈ ఉపాయమే చేశారు గాని, పన్నెండు గంటలకు తినవలసినది సాయంకాలం ఆరింటికి విప్పితే తోడు ఎవరి మాట వింటుంది? పిల్లలు చేయి కడుక్కోకుండా తినడానికి మలీద ముద్దకు సాటి లేదు. వేడి రొట్టెను చిదిమి, బెల్లం, నెయ్యి, నువ్వులు కలిపి ముద్ద కట్టడం. సంక్రాంతికి చేసిన సకినాలు మిగిలితే అవీ సంచిలో చేరేవి. ఇత్తడి డబ్బాకు కళాయి పోయినదేమో చూచుకొనవలెను. లేకుంటే పులుపు తగిలి చిలుము పడుతుంది. స్టీలు వచ్చిన తరువాత ఆ భయం తీరినది.

1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు సమ్మె వచ్చినది. సుమారు రెండున్నర లక్షల మంది పని మానివేశారు. చాలా మిల్లులు మళ్ళీ పుంజుకొనలేదు. మన కుటుంబాలు కొన్ని ఊళ్ళకు తిరిగిపోయినవి, కొన్ని భివండి మగ్గాలకు పోయినవి. ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట నేడు మాల్ ఉన్నది. ఆ కష్టకాలంలో విహారాలు తగ్గినవే గాని సద్ది తగ్గలేదు. కొనుక్కొని తినే శక్తి లేనివారికి అదే విహారాన్ని నిలబెట్టినది.

1989లో గోరాయి దగ్గర ఎస్సెల్ వరల్డ్ తెరచారు. పడవ ఎక్కి, కాలువ దాటి పోవడం పిల్లలకు సగం ఆనందం. 1998లో దాని ప్రక్కన నీటి ఆటల వాటర్ కింగ్‌డమ్, 2013లో ఖోపోలీ దగ్గర ఇమాజికా వచ్చినవి. ఎస్సెల్ వరల్డ్ 2022లో మూతపడినది. ఈ కాలంలోనే దేశమంతటా ఇటువంటి స్థలాలలో బయటి తిండి వద్దనే నియమం పాతుకొన్నది. న్యాయంగా చెప్పవలెనంటే, వారి మాటలోనూ కొంత ఉన్నది. చెత్త పేరుకొంటుంది, తిని ఎవరికైనా జబ్బు చేస్తే నింద వారిమీద పడుతుంది. కాని అసలు సంగతి దుకాణం రాబడియేనని పిల్లలకు కూడ తెలుసు. సినిమా హాళ్ళ విషయంలో 2023 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది: యజమాని బయటి తిండిని వద్దనవచ్చును, అయితే మంచినీరు ఉచితంగా ఇవ్వవలెను, పసిబిడ్డకు తల్లిదండ్రులు తెచ్చుకొన్న మితమైన ఆహారాన్ని ఆపరాదు. అది సినిమా హాళ్ళను గూర్చి చెప్పిన మాట. అయినా పాలసీసాకు చోటున్నదిగాని ఆరేళ్ళ పిల్ల పులిహోరకు లేదన్నమాట. మా అభిప్రాయంలో ఈ గీత ఇంకొంచెం ఇవతలికి జరుపవచ్చును. గేటు లోపల ఒక చెట్టుక్రింద నాలుగు బల్లలు వేసి, డబ్బా తెచ్చుకొన్నవారిని అక్కడ తిననిస్తే ఎవరి వ్యాపారమూ మునగదు.

దసరా సెలవులలో పిల్లలు మళ్ళీ ఆ పార్కుకే పోవలెనని పట్టుబట్టారు. ఆ పెద్ద రంకులరాట్నం వారిని విడువలేదు. ఈమారు మేము తెలివి తెచ్చుకొన్నాము. దద్ధ్యోజనం మానివేశాము. పది గంటలకే చేరి, గేటుకు కొంచెం ఇవతల, రోడ్డు ప్రక్కన వేపచెట్టు క్రింద దుప్పట్లు పరచి, పిల్లలకు కడుపునిండా పులిహోర పెట్టాము. సర్వపిండి ముక్కలు సాయంకాలానికని బస్సులోనే ఉంచాము. వెనుక డబ్బాలు ఆపిన కావలివాళ్ళలో ఒకడు ఇటు చూస్తూ నిలబడినాడు. ఇరవై ఏండ్ల కుర్రవాడు, పొద్దుటినుంచి నిలువుకాళ్ళమీద ఉన్నట్లున్నాడు. అవ్వ వానిని చేయి ఊపి పిలిచి, అరిచేతిలో మలీద ముద్ద పెట్టినది.

“తిను బిడ్డా” అన్నది తెలుగులోనే.

వాడు వాసన చూచి నవ్వి, “మలిదా! మా ఆజీ కూడ చేస్తుంది” అన్నాడు మరాఠీలో. రెండవ ముద్ద కూడ తిని, చేతులు ప్యాంటుకు తుడుచుకొని, గేటు దగ్గరికి పోయి, మన పిల్లల సంచులు ఒక్కొక్కటే విప్పి చూచి లోపలికి పంపినాడు.