రసభంగం

ఆట చూడకముందే దాని ఫలితం చెవిన పడటాన్ని ఇంగ్లీషువారు స్పాయిలర్ అంటారు. మన ఆలంకారికులు దీనికి సరిపోయే మాటను ఏనాడో ఇచ్చారు. అది రసభంగం. ఈ బాధ మా గోదావరి సీమకు ఎప్పుడు వచ్చిందా అని ఆలోచిస్తే కొంత చరిత్ర తవ్వవలసి వచ్చింది.

రాజమండ్రిలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు రచించిన 'గయోపాఖ్యానం' నాటకంలో కృష్ణార్జునులు యుద్ధానికి తలపడతారు. చివరికి గయుడు బతుకుతాడనీ, బావామరదులు ఒకటవుతారనీ ప్రేక్షకులందరికీ తెలుసు. అయినా కదలకుండా కూర్చుని చూసేవారు, పద్యానికి వన్స్‌మోర్ కొట్టేవారు. తెలిసిన పోటీని ఇంతగా ఆస్వాదించగల మనం, క్రికెట్టు స్కోరు ముందే తెలిస్తే ఎందుకంత చిన్నబోతాం? నాటకంలో ముగింపు కవి చేతిలో ఉంటుంది. ఆటలో ఎవరి చేతిలోనూ ఉండదు. ఏమవుతుందో తెలియకపోవడమే అక్కడి రసం.

1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత జట్టు తన తొలి టెస్టు మొదలుపెట్టింది. నాయకుడు తెలుగు మూలాలున్న సి.కె. నాయుడు. 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ రోజుల్లో మద్రాసులో అచ్చయిన పత్రిక రైలెక్కి, 1900లో తెరిచిన హేవలాక్ వంతెన దాటి రాజమండ్రి చేరాలి. లంక గ్రామాలకైతే ఆపైన పడవ. ఆలస్యం అందరిదీ కనుక ఎవరూ ఎవరినుంచీ దాక్కోనక్కర లేకపోయింది.

సరిగ్గా 51 ఏళ్ల తరువాత, అదే లార్డ్స్‌లో, అదే జూన్ 25న కపిల్‌దేవ్ ప్రపంచకప్ అందుకున్నాడు. టీవీ లేని ఊళ్లలో రేడియో చుట్టూ మూగినవారికీ, మైదానంలో కూర్చున్నవారికీ ఆఖరి వికెట్టు ఒకేసారి పడింది. ఆనందం కూడా ఊరందరిదీ ఒకేసారి.

ఆట ఒకప్పుడు, చూడటం మరొకప్పుడు అయినచోటనే చిక్కు మొదలైంది. బ్రిటన్‌లో 1973లోనే బీబీసీ హాస్య ధారావాహిక 'వాటెవర్ హాపెండ్ టు ది లైక్లీ లాడ్స్'లో ఇద్దరు మిత్రులు, రాత్రి టీవీలో ఫుట్‌బాల్ మ్యాచి చూసేదాకా ఫలితం తెలియకుండా ఊరంతా తప్పించుకు తిరుగుతారు. వాళ్లు తప్పించుకోవలసింది ఒక్క ఊరినుంచే. 2004లో ఫేస్‌బుక్, 2006లో ట్విట్టర్, 2009లో వాట్సాప్ వచ్చాక లోకమంతా మన జేబులోకి వచ్చి కూర్చుంది.

2022 మే 15న బ్యాంకాక్‌లో జరిగిన థామస్ కప్ ఫైనల్‌నే చూడండి. ఇండొనేషియాపై భారత్ 3-0తో గెలిచింది. అంకె మాత్రమే విన్నవారికి ఏకపక్షంగా సాగిన ఆటలా తోస్తుంది. కానీ మా అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి ఆడిన రెండో మ్యాచి స్కోరు 18-21, 23-21, 21-19. రెండో గేములో ఓటమి ఒక్క పాయింటు దూరాన నిలిచింది. ఆ క్షణాన ఊపిరి బిగబట్టినవాడే ఆట చూసినవాడని నా అభిప్రాయం.

2023 అక్టోబర్ 7న ఇదే జంట హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. అమెరికాలోని కోనసీమవారికి అది నిద్రవేళ. లేచాక తీరిగ్గా చూద్దామనుకున్నవారు ముందు చుట్టాల గ్రూపులోని అభినందనలనూ, యూట్యూబు వీడియోల శీర్షికలనూ దాటుకుని రావాలి.

ఫోను కట్టేయవచ్చు, గ్రూపుల నోరు నొక్కవచ్చు. కానీ అలా దాక్కున్నవాడు ఒంటరివాడవుతాడు. సంబరం పంచుకునేవారిదీ తప్పు కాదు. గోదావరి జిల్లాల మర్యాద గురించి గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ మర్యాదకు మరొక్క మాట చేర్చుకుంటే చాలదూ? 'మ్యాచి చూశారా?' అని అడిగి, జవాబు విన్నాకే స్కోరు చెబుదాం. ఏమంటారు?