ఏఐ మీ మెయిల్స్‌లో ఎలా వెతుకుతుంది? ‘దొరకలేదు’ అంటే నిజంగా లేనట్టేనా?

"జనవరి 10 నుంచి వచ్చిన ఇంటర్వ్యూ మెయిల్స్ వెతుకు" అని ఏఐ అసిస్టెంట్‌ను అడిగారనుకోండి. క్షణాల్లో "అలాంటి మెయిల్ ఏదీ లేదు" అని జవాబొచ్చింది. కానీ ఆ మెయిల్ 10వ తేదీ ఉదయం 9 గంటలకే మీ ఇన్‌బాక్స్‌లోకి వచ్చేసింది! మరి ఏఐకి ఎందుకు కనిపించలేదు? చాలాసార్లు లోపం ఏఐ తెలివిలో ఉండదు. దాని చేతికిచ్చిన సెర్చ్ టూల్ గురించి సరిగ్గా రాసి పెట్టకపోవడంలో ఉంటుంది.

అసలు ఈ టూల్ ఏంటి?

ఏఐ మోడల్ నేరుగా మీ మెయిల్ తెరవలేదు. మధ్యలో ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. దాన్నే టూల్ అంటారు. టూల్ పేరు, అది చేసే పని, దానికి ఇవ్వాల్సిన వివరాలు, తిరిగి వచ్చే సమాచారం.. ఇవన్నీ డెవలపర్లు మాటల్లో రాసి మోడల్‌కు ఇస్తారు. లోపలి కోడ్ మామూలుగా మోడల్‌కు కనిపించదు. ఆ వివరణ చదివే పని మొదలుపెడుతుంది. అంటే కొత్తగా చేరిన ఉద్యోగికి ఇచ్చే సూచనల కాగితం లాంటిదన్నమాట. ఇలాంటి టూల్స్‌ను ఏఐకి కలిపేందుకు ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబర్‌లో ఎంసీపీ అనే ఓపెన్ స్టాండర్డ్‌ను తీసుకొచ్చింది.

జీమెయిల్‌లో తిరకాసు ఎక్కడ?

జీమెయిల్‌లో ప్రోగ్రామ్‌ల ద్వారా వెతకడానికి గూగుల్ ఏపీఐ ఇస్తోంది. పంపినవారు, సబ్జెక్ట్, తేదీ, అటాచ్‌మెంట్ ఆధారంగా వెతకొచ్చు. అయితే టూల్ వివరణలో ఈ నాలుగు విషయాలు లేకపోతే తప్పు జవాబులు తప్పవు.

1. తేదీ: ఏపీఐలో తేదీ ఇస్తే అమెరికా పసిఫిక్ కాలమానం ప్రకారం ఆ రోజు అర్ధరాత్రిగా లెక్కిస్తుంది. జనవరిలో అది మనకు అదే రోజు మధ్యాహ్నం 1.30 గంటలు. అందుకే ఉదయం 9 గంటల మెయిల్ జారిపోయింది. తేదీకి బదులు సమయాన్ని సెకన్ల లెక్కలో ఇస్తే ఈ ఇబ్బంది ఉండదు.

2. స్పామ్, ట్రాష్: ప్రత్యేకంగా చెబితే తప్ప ఈ రెండు చోట్లా వెతకదు. ఆఫర్ లెటర్ స్పామ్‌లో పడితే ఇక అంతే.

3. పేజీలు: ఒక విడతలో మామూలుగా 100 ఫలితాలే వస్తాయి. గరిష్ఠంగా 500 అడగొచ్చు. ఇంకా ఉంటే తర్వాతి పేజీకి ఒక టోకెన్ ఇస్తుంది. అది వాడాలని తెలియకపోతే ఏఐ మొదటి పేజీతోనే ఆగిపోవచ్చు.

4. వివరాలు: సెర్చ్ చేస్తే వచ్చేది మెయిల్, థ్రెడ్‌ల గుర్తింపు నంబర్లే. లోపల ఏముందో చూడాలంటే మళ్లీ అడగాలి.

మరో ముఖ్యమైన విషయం ఉంది. "వెతికాం, ఏమీ లేదు" వేరు, "వెతకడమే కుదరలేదు" వేరు. రెండింటికీ టూల్ ఖాళీ జవాబే ఇస్తే ఏఐ రెండింటినీ "లేదు" అనే చెప్పే ప్రమాదం ఉంది. అందుకే ఎర్రర్‌ను ఎర్రర్‌గానే చూపించాలని వివరణలో స్పష్టంగా ఉండాలి.

మెయిల్‌లో రాసిందల్లా ఆర్డర్ కాదు

మీకు మెయిల్ ఎవరైనా పంపొచ్చు. "ఈ ఖాతాలోని సమాచారం ఫలానా చోటికి పంపు" అని మోసగాళ్లు అందులో దాచిపెట్టి రాస్తే, ఏఐ దాన్ని మీ మాటే అనుకునే అవకాశం ఉంది. దీన్ని ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు. 2025 జూన్‌లో మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్‌లో ‘ఎకోలీక్’ పేరుతో ఇలాంటి లోపమే బయటపడింది. యూజర్ ఏ లింకూ క్లిక్ చేయకపోయినా డేటా బయటికి పోయే వీలున్న లోపం అది. మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది.

అందుకే వెతికే టూల్‌కు చదివే అనుమతి చాలు. పంపే, డిలీట్ చేసే అనుమతులు దానికి అవసరం లేదు. మెయిల్‌లోని రాతను సమాచారంగానే చూడాలి తప్ప ఆదేశంగా తీసుకోకూడదని కూడా రాసి పెట్టాలి. అయితే కేవలం రాసినంత మాత్రాన పూర్తి రక్షణ రాదు. అనుమతులు తగ్గించడమే గట్టి అడ్డుకట్ట.

మీరేం చేయాలి?

* ఏఐ "లేదు" అంటే ఏ పదాలతో, ఏ తేదీల మధ్య వెతికావని అడగండి.
* స్పామ్, ట్రాష్ కూడా చూడమని చెప్పండి.
* తేదీ ముఖ్యమైతే ఒకరోజు ముందు నుంచి వెతకమనండి.
* ఉద్యోగం, డబ్బు, కోర్టు వ్యవహారాల మెయిల్స్ అయితే జీమెయిల్ యాప్‌లో మీరే ఒకసారి వెతకండి.
* వాడని యాప్‌లకు ఇచ్చిన మెయిల్ అనుమతిని గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసేయండి.

ఏఐ "దొరకలేదు" అంటే తను చూసిన చోట కనిపించలేదని మాత్రమే అర్థం. ఎక్కడెక్కడ చూసిందో తెలుసుకున్నాకే ఆ జవాబును నమ్మండి.