ఖాళీ భూమి అని రాసుకున్నారు, అక్కడ ఊళ్లున్నాయి

1/70 అంటే ఏంటో మనలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. దక్షిణ అమెరికాలోని కొలంబియాలో నల్లజాతి జనాలకీ ఒక 70 ఉంది. 1993 నాటి 70వ చట్టం. అంకె కలవడం యాదృచ్ఛికమే గానీ, దాని వెనక కథ మనం తెలుసుకోవాల్సిందే.

ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన మనుషుల్ని స్పెయిన్ వాళ్లు కార్తహేనా రేవులో అమ్మేవాళ్లు. అలా కొన్నవాళ్లలో ఎంతోమందిని పసిఫిక్ వైపు చోకో ప్రాంతానికి తోలి, వాగుల్లో బంగారం కడిగించారు. 1851 చట్టంతో బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం ఎవరికనుకున్నారు? యజమానులకి! తరతరాలు చాకిరీ చేసినోళ్లకి సెంటు భూమి కూడా దక్కలేదు.

వాళ్లు అత్రాతో లాంటి నదుల వెంట ఊళ్లు కట్టుకున్నారు. ఒడ్డున ఇల్లు, వెనక అరటి తోట, ఆ వెనక అందరిదీ అయిన అడవి. కాగితం మాత్రం లేదు. 1959లో ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని అటవీ రిజర్వు అంది. రికార్డుల్లో అది ఖాళీ ప్రభుత్వ భూమి. కలప కంపెనీలకి అనుమతులు మాత్రం దొరికాయి.

1980లలో అత్రాతో రైతులు సంఘం పెట్టుకున్నారు. 1991 రాజ్యాంగ సభకి నల్లజాతి సంఘాల అభ్యర్థులెవరూ నెగ్గలేదు. అక్కడ వాళ్ల గొంతు వినిపించింది ఎవరో తెలుసా? చోకోకే చెందిన ఎంబెరా ఆదివాసీ, ఫ్రాన్సిస్కో రోహాస్ బిర్రీ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ఆ రాజ్యాంగంలో చేరిన తాత్కాలిక 55వ అధికరణం నుంచే 70వ చట్టం పుట్టింది.

1/70లో పట్టా మనిషి పేరున ఉంటుంది, గిరిజనేతరులకి బదిలీ కాకూడదు. అక్కడ పట్టా మొత్తం సముదాయం పేరునే. అడవీ, ఉమ్మడి నేలా ఎవరికీ అమ్మడానికి లేదు. ఇప్పటిదాకా 50 లక్షల హెక్టార్లకి పైనే ఇచ్చారు. కానీ నేల కింది ఖనిజం మాత్రం ప్రభుత్వానిదే. బంగారం కోసం తెచ్చిన జనానికి బంగారం మీద యాజమాన్యం లేకుండా పోయింది.

పట్టాల పని నడుస్తుండగానే, 1997 ఫిబ్రవరిలో కకారికా నదికి దగ్గర్లో సైన్యం ఆపరేషన్ జెనెసిస్ మొదలుపెట్టింది. అదే సమయంలో పారామిలిటరీ ముఠాలు ఊళ్ల మీద పడ్డాయి. వేలమంది కట్టుబట్టలతో పారిపోయారు. 1999లో కకారికాకి ఉమ్మడి పట్టా వచ్చేనాటికి, అందులో ఉన్న జనాల్లో చాలామంది ఇంకా టుర్బో పట్నంలో శరణార్థులుగానే ఉన్నారు. ఆ ఘటనలో ప్రభుత్వానిదే బాధ్యత అని ఇంటర్-అమెరికన్ మానవ హక్కుల కోర్టు తేల్చింది, 2013లో.