చెరువు కూడా సంతానమే



ఏడవ తరగతి చదువుతున్న మా మనుమరాలు మొన్న బడినుండి ఒక ఇంటిపని తెచ్చుకొన్నది. శని, ఆదివారాలలో కుటుంబంతో కలసి ఒక మ్యూజియం చూడవలెను. వాతావరణ మార్పు విషయమై తమ కుటుంబం చేయదగిన పని ఒకటి వ్రాసి తీసికొని రావలెను. తల్లిదండ్రులకు తీరిక లేదు గనుక ఆ భారం నాపై పడింది. జీవితమంతా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. విజ్ఞానశాస్త్రం నా విషయం కాదు. అయినా ఆ రెండు దినాలలో ఆ పిల్ల అడిగిన ప్రశ్నలు నన్ను నిలదీసినవి. వాటిని ఇక్కడ పంచుకొనడమే ఈ టపా ఉద్దేశ్యం.

బయలుదేరే ముందు మాటలను గురించి కొంత. మా కాలపు భూగోళ పుస్తకాలలో 'వాతావరణం' వేరు, 'శీతోష్ణస్థితి' వేరు. ఈరోజు వాన కురియడం వాతావరణం. ఏయే కార్తెలో ఎంత ఎండ, ఎంత వాన అన్నది దీర్ఘకాలం మీద తేలే సగటు శీతోష్ణస్థితి. పత్రికలు రెండింటినీ 'వాతావరణ మార్పు' అనే ఒక్క మాటలో కలిపివేసినవి. అందువలన ఒక చలిరోజు రాగానే "భూమి వేడెక్కడమేమిటి?" అని నవ్వేవారికి అవకాశం చిక్కింది. ఇక మ్యూజియం అనే మాటకు మూలం గ్రీకుల కళాదేవతలైన మ్యూజ్‌ల ఆలయమట. మనం దానిని వస్తుసంగ్రహాలయం అన్నాము. అయితే కాలానికి కలిగిన జబ్బును ఏ అద్దాల పెట్టెలో పెట్టి చూపగలము? లోకంలో ఆ ప్రయత్నం కూడా జరిగింది. హాంకాంగ్‌లోని చైనీస్ విశ్వవిద్యాలయంలో 2013లో దీనికొరకే ఒక మ్యూజియం తెరిచారు. న్యూయార్క్‌లోనూ ఇటువంటిది ఒకటి ఉన్నది. మన నగరంలో ప్రత్యేకించి అటువంటిది నేను చూడలేదు గనుక శనివారం నౌబత్ పహాడ్ మీది బిర్లా విజ్ఞాన కేంద్రానికి పోదామని నిశ్చయించుకొన్నాము.

హబ్సిగూడ దాటగానే ఉప్పల్ మార్గంలో వచ్చే మెట్రో స్టేషను పేరు ఎన్.జి.ఆర్.ఐ. రైలు ఎక్కుతూ మనుమరాలు అడిగింది: "తాతయ్యా, ఊరి పేరు కాకుండా ఈ అక్షరాలేమిటి?"

అది జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. 1961లో ఏర్పడింది. ఏటా సెప్టెంబరు 26న, అనగా శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి సంస్థాపక దినం సందర్భంగా, ఇటువంటి ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తెరచి తమ పని చూపుతుంటాయి. భూకంపాలు, భూగర్భజలాలు మొదలైనవాటిపై అక్కడ పరిశోధనలు జరుగుతాయని చాలామందికి తెలుసు. మన ప్రస్తుతాంశానికి పనికివచ్చే మరొక పని కూడా అక్కడివారు చేశారు. అది భూమిలోని బోరు రంధ్రాలలోకి ఉష్ణమాపకం దింపి, లోతు పెరిగేకొద్దీ వేడి ఎట్లా మారుతున్నదో కొలవడం.

పగలంతా కాగిన మిద్దె రాత్రి పది గంటలకు కూడా ఇంట్లోకి సెగ విడుస్తూనే ఉంటుంది గదా! నేల కూడా అంతే. పైన కాగిన వేడి మెల్లమెల్లగా లోపలికి దిగుతుంది. ఒక ఏటి ఎండ, చలి తేడాలు కొద్ది మీటర్లలోనే సమసిపోతాయి. నూరేండ్ల మార్పు మాత్రం నూరు మీటర్లకు పైగా దిగి నిలుస్తుంది. దేశంలో 75 చోట్ల ఇట్లా తీసిన కొలతలను పరిశీలించి, అమెరికా శాస్త్రజ్ఞులతో కలసి మన శాస్త్రజ్ఞులు 2002లో ఒక పత్రం ప్రకటించారు. గడచిన సుమారు నూటయేబది ఏండ్లలో మన నేల పైపొర 0.9 డిగ్రీల మేరకు వేడెక్కినదని దాని సారాంశం. ఆ కాలంలో ఉష్ణమాపకం చూసి వ్రాసిపెట్టినవారు ఉన్నా, లేకపోయినా నేల మాత్రం తన లెక్క తాను వ్రాసుకొన్నది. మనుమరాలితో "భూమి కూడా దినచర్య వ్రాస్తుంది బిడ్డా" అన్నాను.

బిర్లా విజ్ఞాన కేంద్రంలో కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం ఉన్నది. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి ప్రాంతంలో దొరికిన ఎముకలను కూర్చి దానిని నిలబెట్టారు. జురాసిక్ యుగపు ప్రాణి. దాని ఎదుట నిలబడి మనుమరాలు వేసిన ప్రశ్న పెద్దవాళ్లు కూడా వేసేదే. "తాతయ్యా, దీని కాలంలో ఎండలు ఎక్కువగా ఉండేవట గదా! కాలం ఎప్పుడూ మారుతూనే ఉంటే ఇప్పుడెందుకు భయం?"

మారిన మాట నిజమే. అయితే మారడానికి పట్టిన సమయాన్ని చూడవలెను. ఆ మార్పులలో అధికభాగం వేల, లక్షల ఏండ్ల మీద జరిగినవి. ఇప్పటిది తాత, మనుమల ఎడంలో జరుగుతున్నది. పారిశ్రామిక యుగానికి ముందటి సగటు కంటె భూమి 1.5 డిగ్రీలు మించి వేడెక్కిన తొలి సంవత్సరం 2024 అని ప్రపంచ వాతావరణ సంస్థ 2025 జనవరిలో ప్రకటించింది. బొగ్గు, పెట్రోలు కాల్చడం దీనికి ముఖ్యకారణం. గాలి ఒక్కొక్క డిగ్రీ వేడెక్కిన కొద్దీ సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. కుండ పెద్దదైతే ఒలికినప్పుడు పడే నీళ్లు కూడా ఎక్కువే. వాన రాని దినాలు పెరిగి, వచ్చిన దినాన కుండపోత అయ్యే కాలం ఇది.

కుండపోత అనగానే ఆ పిల్ల నా వంక చూసింది. మా ఇంట్లోకి నీరు వచ్చిన రాత్రి దానికి బాగా జ్ఞాపకం ఉన్నది.

ఆదివారం ఉదయం వరంగల్ మార్గం పక్కన ఉప్పల్ నల్లచెరువు దగ్గరకు పోయినాము. "ఇదా మ్యూజియం?" అన్నది. ఇదే అన్నాను.

మన పూర్వులు సప్తసంతానాలు చెప్పారు. కొడుకు, నిధి, అగ్రహారం, దేవాలయం, కృతి, వనం, తటాకం. మనిషి పోయిన తరువాత కూడా అతని పేర నిలిచేవి ఇవి. ఈ ఏడింటిలో కన్నబిడ్డ ఒక్కటే. చెరువు, తోట కూడా బిడ్డలతో సమానంగా నిలిచినవి. పాఠంలో ఈ జాబితాను ఏండ్ల తరబడి బట్టీ పట్టించాను గాని, చెరువును సంతానమని ఎందుకన్నారో నేను నిలిచి ఆలోచించినది లేదు. కన్నంతమాత్రాన సంతానం నిలువదు, పెంచవలెను. చెరువును కూడా ఏటా పూడిక తీసి, కట్టకు మట్టి పోసి, తూము సవరించి, మత్తడి కాచుకొనవలెను. ఆ పనికి ఊరూరా నీరటివాడు ఉండేవాడు.

ఈ శాస్త్రం ఎంత పక్వమైనదో కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం చెబుతుంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో అక్కడి చెరువు కట్టించి వేయించిన శాసనమది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలు, ఉండరాని ఆరు దోషాలు అందులో ఉన్నవి. కట్టనుండి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం వంటివి ఆ దోషాలు. నీరు మిక్కుటమై దానికి తగిన నేల లేకపోవడం కూడా అందులో ఒక దోషమే. ఈ దోషాన్ని దయచేసి గుర్తుంచుకొనండి.

తెలంగాణ చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే క్రింది చెరువు నిండుతుంది. దానికి కట్టిన కాలువలే నేడు మనం ముక్కు మూసికొని దాటే నాలాలు. ఇవన్నీ కడకు మూసీకి చేరేవే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 15,000 మంది మరణించారని చెబుతారు. మరుసటి ఏడు నిజాము ప్రభుత్వం పిలుపుపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఎగువ పరీవాహక ప్రాంతంలోని చెరువులను లెక్కించారు. 788 చెరువులు. వాటిలో 221 ఆ వరదలో తెగినవి. ఒకటి తెగితే దాని నీరు క్రిందిదానిపై పడి దానిని కూడా తెంచుతుంది. గొలుసులోని బలం, బలహీనత రెండూ అదే. ఆయన సూచనల ఫలితంగానే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తి అయినవి.

ఆ రెండు జలాశయాలు మూసీ ఎగువ నీటిని ఆపగలవు గాని, ఊరిమీద కురిసిన వానను ఆపలేవు. దానిని ఆపవలసినవి నాచారం పెద్దచెరువు, రామంతాపూర్ చెరువులు, ఈ నల్లచెరువు వంటివే. ఇక్కడ పారిశ్రామికవాడలు వచ్చినవి, వాటి వెంట కాలనీలు వచ్చినవి. ఆయకట్టు పొలాలు పోగానే చెరువుతో పని ఉన్న మనిషి లేకుండా పోయినాడు. తూము ఎవరికీ అక్కరలేదు. శిఖం భూమి మాత్రం అందరికీ కావలసి వచ్చింది. నేల కుదించుకొని పోయింది, నీరు అంతే ఉన్నది. పోరుమామిళ్ల శాసనం ఉండరాదన్న దోషాన్ని మనం చేతులారా కల్పించుకొన్నాము.

2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన నమోదైంది. హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్ ప్రాంతాల పల్లపు వీధులు నీట మునిగినవి. 2000 ఆగస్టు 24న కూడా నగరంలో 24 సెంటీమీటర్లు కురిసింది. ఒక్క వానను చూపి ఇది శీతోష్ణస్థితి మార్పే అనడం శాస్త్రం కాదు. కాని ఇటువంటివి తరచుగా వచ్చే రోజులకు మన వీధి సిద్ధంగా లేదని చెప్పడానికి శాస్త్రజ్ఞుడే కానక్కరలేదు.

ఇక్కడ నా మాట కూడా చెప్పవలెను. 1992లో నేను ఈ ప్రాంతంలో స్థలం కొన్నప్పుడు ఒక ముసలి రైతు, "పంతులూ, ఇది వానాకాలం నీళ్లు నిలిచే జాగ" అన్నాడు. నేను కాగితాలు చూసికొన్నాను, కాగితాలు సరిగానే ఉన్నవి. ఆ ముసలివాడిని మరొక ప్రశ్న అడుగలేదు. ఇల్లు కట్టిన తరువాత బురద అవుతున్నదని వాకిలంతా బండలు పరిపించినదీ నేనే. 2020లో మోకాలిలోతు నీరు ఇంట్లో నిలిచినప్పుడు ముప్పది ఏండ్లుగా కూర్చుకొన్న పుస్తకాలు క్రింది అరలలోనివి తడిసి ముద్దయినవి. ఆ రాత్రి అందరితో పాటు నేనూ నగరాన్ని, నాలాలను తిట్టినాను. నా వాకిట బండలను తలచుకోలేదు.

చెరువు కట్టమీద ఇది చెప్పగా మనుమరాలు కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "అయితే బండలు తీసేద్దామా, తాతయ్యా?" అన్నది.

ఇంటికి వచ్చి లెక్క వేసినాము. మా పైకప్పు సుమారు 100 చదరపు మీటర్లు. దానిపై ఒక సెంటీమీటరు వాన కురిస్తే 1,000 లీటర్లు. ఆనాటి వంటి 32 సెంటీమీటర్లు కురిస్తే 32,000 లీటర్లు. 20 లీటర్ల నీళ్ల డబ్బాలు 1,600. మా ఒక్క ఇల్లే ఇంత నీటిని వీధిలోకి తోస్తున్నది. అంత వానను ఇంకుడుగుంత పూర్తిగా మింగలేదు, నిజమే. కాని మామూలు వానలు ఇంకితే బోరులో నీరు పైకి వస్తుంది, మోటారు తక్కువసేపు తిరుగుతుంది, ఎండాకాలం ట్యాంకరు తగ్గుతుంది. మన కరెంటులో అధికభాగం నేటికీ బొగ్గునుండే వస్తున్నది, ట్యాంకరుది డీజిలు. కనుక గుంత తవ్వడం వరదకూ మందే, వేడికీ మందే. నీరు, భూమి, చెట్ల రక్షణకై 2002లోనే మనకు చట్టం వచ్చింది. దానిని చదివి కూడా ఇన్నాళ్లు గడపదాటి అమలు చేయనివారిలో నేనొకణ్ణి.

గత సోమవారం కూలీలు వచ్చి వాకిట సగం బండలు లేపినారు. గుంతలో క్రింద పెద్దరాళ్లు, ఆపై కంకర, పైన ఇసుక. పక్కన ఒక వేపమొక్కకు చోటు విడిచినాము. తటాకం తవ్వించగల స్తోమత నాకు లేదు. ఇది తటాకానికి మనుమడి వరుస అవుతుందేమో!

మనుమరాలు తన నోటు పుస్తకంలో ఇట్లా వ్రాసుకొని పోయింది: "మా కుటుంబం చేసిన పని: బండలు తీసి గుంత తవ్వినాము. మేము చూసిన మ్యూజియం: మా చెరువు." బడిలో దీనికి ఎన్ని మార్కులు వస్తాయో తెలియదు.

మిత్రులారా, మీ మీ ఊళ్లలో చెరువుల మత్తడులు, తూములు, వాటి పేర్లు తెలిసిన పెద్దలు ఇంకా ఉంటే ఒక ఆదివారం పిల్లలను వెంటబెట్టుకొని పోయి అడిగి వ్రాసిపెట్టండి. నేను అడుగవలసిన ముసలి రైతు ఇప్పుడు లేడు.